చలికాలం ముందు స్విమ్మింగ్‌పూల్ ఖాళీ చేయొద్దని చెప్పండి: బస్తర్ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

జగదల్‌పూర్,
దసరా వెళ్లిన వారం.

గౌరవనీయులైన బస్తర్ జిల్లా కలెక్టర్ గారికి,

ఈ లేఖ హిందీ ప్రతిని మీ కార్యాలయంలో ఇచ్చాను. అదే మాట తెలుగులో కూడా రాసి పత్రికకి పంపుతున్నాను. జగదల్‌పూర్‌లోనూ, అటు బచేలి, కిరందుల్ కాలనీల్లోనూ, కోంటా, భోపాలపట్నం వైపూ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. ఇక్కడ పూల్ కట్టే మేస్త్రీల్లో, పంపులు బాగుచేసేవాళ్లలో విశాఖ, విజయనగరం వైపు మనుషులు కొందరు ఉన్నారు. మీ మాటతో పాటు నా మాట కూడా వాళ్ల చెవిన పడాలి. అయినా ఈ నేల మీద నీళ్ల సంగతి తెలుగులో రాయడం కొత్తేమీ కాదు. 1060లో, నాగవంశపు రాజు ధారావర్షుడి కింద సామంతుడుగా ఉన్న చంద్రాదిత్యుడనే తెలుగు చోడుడు బార్సూరులో చెరువు తవ్వించి, గుడి కట్టించి, ఆ సంగతిని తెలుగులోనే రాతి మీద చెక్కించాడు. బార్సూరులో ఒకప్పుడు 147 చెరువులుండేవని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

నేను పంపు మనిషిని. కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం వేస్తున్న రోజుల్లో నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ముప్పై ఏళ్లు నీటి పంపుల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు జగదల్‌పూర్ చుట్టుపక్కల అయిదు ఇళ్లలో, రెండు ఫాంహౌసుల్లో స్విమ్మింగ్‌పూల్ చూసుకుంటున్నాను. పదేళ్ల కిందట ఈ ఊళ్లో ఇంటికి పూల్ అంటే వింతగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టేవాళ్లలో కొందరు ముందు దాని కోసమే గొయ్యి తవ్విస్తున్నారు. అతిథుల కోసం ఊరి బయట కట్టిన బసల్లోనూ వస్తున్నాయి. కట్టుకోనివ్వండి, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. ఎండాకాలంలో పిల్లలు అందులో కేకలు వేస్తుంటే నాకూ సంతోషమే. నా బాధంతా దసరా దాటాక ఆ నీళ్లకి ఏమవుతుందన్నదాని గురించే.

దసరా రథం దంతేశ్వరి గుడి ముందుకి చేరి, మురియా దర్బార్ ముగిసి, దూరపు ఊళ్ల దేవుళ్లు పల్లకీల్లో తిరుగు ప్రయాణం కట్టాక, ఇక్కడ రాత్రులు ఒక్కసారిగా చల్లబడతాయి. సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పాదరసం పది డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది. పూల్‌లోకి ఇక ఎవరూ దిగరు. అప్పుడు ఇంటివాళ్లు రెండింట్లో ఒకటి చేస్తారు. నీళ్లు తోడేసి ఖాళీ చేస్తారు, లేదా పంపు ఆపేసి అలాగే వదిలేస్తారు. రెండూ తప్పే. ఈ రెండు తప్పుల్లో మొదటిదాన్ని ఒక ఇంట్లో నా చేతులతో నేనే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందటి మాట. ఇంద్రావతి ఒడ్డుకి దగ్గరగా, పల్లపు నేలలో ఒక ఇల్లు. మన రైతులు గభార్ అంటారే, అలాంటి పల్లం. ఒకప్పుడు వరి పండిన చోటు. పూల్ ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. లోతు ఒక వైపు మీటరు, రెండో వైపు మీటరు ఎనభై. అంటే సుమారు 45 వేల లీటర్ల నీరు. ఇంటాయన అమెరికా వాళ్ల వీడియో చూసి, నవంబరు మొదటి వారంలో నన్ను పిలిచి, చలికాలానికి నీళ్లు తీసేసి పైపులు ఊదించి మూసేయాలట, చేసిపెట్టండన్నారు. నాకూ సబబే అనిపించింది. నీళ్లే లేకపోతే పాకుడు ఎక్కడిది, దోమ ఎక్కడిది అనుకున్నాను. రెండు రోజులు మోటారు పెట్టి తోడేశాను. ఆ నీరంతా ప్రహరీ పక్క కాలవలోకి పోయింది.

మూడో రోజు పొద్దున్న వెళ్లి చూస్తే లోతు వైపు అడుగున నీలం టైల్స్ మధ్యలో వెంట్రుక మందం గీత. సాయంత్రానికి ఆ గీత వేలు దూరేంత అయింది. మర్నాటికి అడుగు మధ్యలో ఉబ్బు లేచింది. చేత్తో నిమిరితే తెలిసేంత ఎత్తు. పగులులోంచి నీరు తేటగా, చల్లగా, ఆగకుండా ఊరుతోంది. నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ముప్పై ఏళ్లు నీటి పనిలో ఉండి, నేల కింద నీరుంటుందన్న సంగతి మరిచిపోయాను.

జరిగింది ఇది. వర్షాకాలం నాలుగు నెలల్లో మన నేల నిండా తాగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో పల్లపు ఇళ్ల బావుల్లో చెయ్యి చాపితే అందేంత పైన నీళ్లుంటాయి. పూల్ నిండుగా ఉన్నంతకాలం లోపలి బరువు బయటి ఊటని అణిచి ఉంచుతుంది. లోపల ఖాళీ చేశామా, బయటి నీరు కిందనుంచి తోస్తుంది. ఒక మీటరు ఎత్తు నీరు చదరపు మీటరుకి ఒక టన్ను బలంతో తోస్తుంది. ఆ పూల్ అడుగు 32 చదరపు మీటర్లు. ఊట దాని అడుగు కంటే ఒక మీటరు పైన ఉందనుకున్నా, 32 టన్నుల బలం కిందనుంచి పైకి ఎత్తుతున్నట్టు. ఖాళీ పూల్ అంటే నేలలో పాతిన పడవ లాంటిది. తేలాలని చూస్తుంది, తేలలేక పగులుతుంది. అడుగున ఊట ఒత్తిడి వదిలే వాల్వు పెట్టి కడితే కొంత రక్షణ. ఆ ఇంట్లో అది పెట్టలేదు. నేను చూసే ఏడింట్లో అయిదింటికి లేదు.

నష్టం అక్కడితో ఆగి ఉంటే ఇది ఆ ఇంటాయనకీ నాకూ మధ్య సంగతి. మీకు రాయవలసిన పని లేదు. పగులు బాగుచేయాలంటే ఊట తగ్గాలి, వేసవి దాకా ఆగాలన్నారు మేస్త్రీలు. పంపు విప్పి మరమ్మతుకి పంపేశారు. ఇంటివాళ్లు పిల్లల పరీక్షలకి రాయ్‌పూర్ వెళ్లిపోయారు. నాకు అక్కడ పని లేదు కాబట్టి నేనూ వెళ్లలేదు. లోతు వైపు మాత్రం రెండడుగుల నీరు నిలిచిపోయింది. నేల వడబోసి ఇచ్చిన నీరు, అద్దంలా తేటగా ఉంది. పగలంతా ఎండ. పైన కప్పు లేదు. అందులో చేప లేదు, కదలిక లేదు. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో వాచ్‌మన్ గది. అందులో అతనూ, భార్యా, ఇద్దరు పిల్లలూ.

జనవరిలో అటు వెళ్లాను. తెల్ల పింగాణీ ప్లేటు ఒకటి నా సంచిలో ఉంటుంది, నీళ్లు చూడటానికి. మెట్లు దిగి, అంచు దగ్గర ప్లేటు వాల్చి కాసిని నీళ్లు పట్టాను. తెల్లటి దాని మీద బాగా కనిపిస్తాయి. బియ్యపు గింజలో సగం పొడుగున్న గోధుమరంగు పుల్లలు. ఇంటి తొట్టెల్లో, మురుగు కాలవల్లో పెరిగే దోమపిల్లలు తలకిందులుగా వేలాడతాయి. ఇవి అలా లేవు. నీటి పైపొర కిందే, దానికి సమాంతరంగా, నిద్రపోతున్నట్టు పడుకుని ఉన్నాయి. వేలు దగ్గరకి తీసుకెళ్తే చటుక్కున పక్కకి జరుగుతున్నాయి. అలా పడుకునేది అనాఫిలిస్. మలేరియా మోసే జాతి అదే. ఒక ప్లేటు నీళ్లలో పదకొండు లెక్కపెట్టాను.

అదే నెలలో మలేరియా బృందం ఇంటింటికీ వచ్చింది. వాచ్‌మన్ చిన్న కూతురి వేలు గుచ్చి రక్తం చూస్తే గీత వచ్చింది. ఫాల్సిపారం రకం మలేరియా. పిల్లకి అప్పటికి జ్వరం కూడా లేదు, ముంగిట్లో ఆడుకుంటోంది. మందులు వాళ్ల ముందే మింగించారు, పిల్ల బాగుంది. ఆ క్రిమి ఆ నీళ్లలో పుట్టిన దోమ వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. మన జిల్లాలో దోమకి ఇంకా వంద చోట్లున్నాయి. కానీ ఆ ప్లేటులో నేను చూసింది చూశాను. ఆ పిల్ల మంచానికీ ఆ నీటికీ మధ్య ఎన్ని అడుగులో నాకు తెలుసు. ఆ నీరు అక్కడ నిలవడానికి కారణం నా మోటారు. అప్పటి నుంచి నాకు పూల్ అంటే ఇంటివాళ్ల సొంత విషయంగా కనిపించడం మానేసింది. ప్రహరీ గోడ దోమని ఆపదు. ఆ గోడ పక్కన పడుకునేది ఎప్పుడూ వాచ్‌మనూ, తోటమాలీ, వాళ్ల పిల్లలే. వాళ్లు ఆ నీళ్లలో ఒక్కనాడూ కాలు పెట్టి ఎరగరు.

చలికాలంలో మలేరియా ఎక్కడిది అని కొందరు నాతో వాదిస్తారు. వాళ్లకి నేను మీ శాఖల లెక్కే చెబుతాను. మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదటి విడత నడిచింది 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో. సరిగ్గా చలికాలం. బస్తర్ డివిజన్ ఏడు జిల్లాల్లో దాదాపు 14 లక్షల మందికి పరీక్ష చేస్తే, 64 వేలకి పైగా మందిలో క్రిమి దొరికింది. వాళ్లలో సగానికి మించి మనుషులకి జ్వరమే లేదు. రాత్రి పది డిగ్రీలున్నా మన పగళ్లు వెచ్చగానే ఉంటాయి. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వేసవి కంటే నాలుగు రోజులు ఎక్కువ పట్టొచ్చు, రావడం మాత్రం వస్తుంది. దోమ కడుపులో మలేరియా క్రిమి ఉందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అంత పాత సంగతి తెలిసి కూడా మన ముంగిట్లో మనమే దానికి తొట్టి కట్టి ఇస్తే ఎలా?

అమెరికా వీడియోల సంగతీ చెప్పాలి. మా మేనల్లుడు కెనడాలో ఉంటాడు. వాళ్ల ఇంటి వెనక పూల్ ఉంది. అక్టోబరు రాగానే వాడు నీటి మట్టం కొంత దించి, పైపుల్లో మిగిలిన నీటిని గాలితో ఊదించి, బిరడాలు బిగించి, పైన గట్టి గుడ్డ కట్టేస్తాడు. ఎందుకంటే అక్కడ నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బి పైపుల్ని, పంపుని చీల్చేస్తుంది. ఆ చలికి అది సరైన వైద్యం. వాడు కూడా నీళ్లన్నీ తీసేయడు, మామయ్యా, ఖాళీ చేస్తే నేల ఎత్తేస్తుంది అని ఫోనులో వాడే నాకు చెప్పాడు. ముందే అడిగి ఉంటే బాగుండేది. మనకి నీరు గడ్డకట్టే చలి రాదు. అక్కడి జబ్బు ఇక్కడ లేదు, ఇక్కడి జబ్బు అక్కడ లేదు. మందు మాత్రం అక్కడినుంచి తెచ్చుకుంటున్నాం.

తిరుమలలో శ్రీవారి పుష్కరిణిని ఏటా ఖాళీ చేస్తారు కదా అని ఒకాయన అడిగారు. నిజమే, బ్రహ్మోత్సవాల ముందు నెల రోజులు మూసి, నీరు తీసి, శుభ్రం చేసి మళ్లీ నింపుతారు. అది కొండ మీద రాతి కట్టడం. పనికి ఇంజనీర్లున్నారు, తేదీలున్నాయి, నెల తిరిగేలోగా నిండు నీరు తిరిగొస్తుంది. తోడేసి మూడు నెలలు ఊరెళ్లిపోవడం వేరు.

మరి చలికాలానికి పూల్‌ని ఎలా సిద్ధం చేయాలి? నేను ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను. దీన్ని మీ మనుషులెవరైనా నీటి పని తెలిసినవాళ్లకి చూపించి తప్పుంటే దిద్దించండి.

దసరా వెళ్లిన వారంలోనే మొదలుపెడతాను. ముందు వలతో ఆకులు తీయాలి. మన ఇళ్ల చుట్టూ టేకు, మామిడి, వేప. అడుగున పడిన టేకు ఆకు నాలుగు రోజులుంటే టైల్ మీద టీ మరకలా గుర్తు వదులుతుంది. తర్వాత గోడలు రుద్దాలి. చేత్తో తాకి చూడండి, కంటికి తెల్లగా ఉన్న చోట కూడా వేలికి జారుడు తగులుతుంది. అది పాకుడు మొదలు. ముఖ్యంగా నీటి మట్టం దగ్గర, ఒక బెత్తెడు పైన, ఒక బెత్తెడు కింద గట్టిగా తోమాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకి పైన ఉన్న తడి గోడకే. ఆ గుడ్లు నెలల తరబడి ఎండిపోయి ఉన్నా చావవు. మళ్లీ తడి తగిలితే పగులుతాయి. రుద్దాక పంపు ఒక పూటంతా తిప్పి, ఇసుక ఫిల్టరుని ఎదురు నీటితో కడగాలి. ఫిల్టరుకి ఉన్న అద్దంలో కనిపించే నీళ్లు మట్టిరంగు పోయి తేటగా వచ్చేదాకా వదలకూడదు.

ఆ తర్వాత పరీక్ష. చిన్న పెట్టెలో రెండు గొట్టాలు, రెండు సీసాల చుక్కల మందు. ఒకటి వేస్తే క్లోరిన్ ఉన్న కొద్దీ పసుపు చిక్కబడుతుంది. ఇంకొకటి పీహెచ్ చెబుతుంది. పసుపు తేలితే పులుపు ఎక్కువ, చిక్కటి గులాబీ తేలితే క్షారం ఎక్కువ. రెంటి మధ్య నారింజ, లేత ఎరుపు దగ్గర ఉంటే 7.2 నుంచి 7.6 మధ్య ఉన్నట్టు. పీహెచ్ ముందు సరిచేశాకే క్లోరిన్ వేయాలి. ఎనిమిది దాటిన నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ బస్తాలకొద్దీ పోసినా దాని కాటు పావు వంతు కూడా పనిచేయదు. డబ్బు పోతుంది, పాకుడు పోదు.

45 వేల లీటర్ల నీటికి లెక్క ఇది. లీటరుకి ఒక మిల్లీగ్రాము క్లోరిన్ కావాలంటే మొత్తం 45 గ్రాములు. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతే క్లోరిన్, కాబట్టి 135 గ్రాముల పొడి. చలికాలం ముందు ఒక్కసారి గట్టి మోతాదు వేయాలి, లీటరుకి పది మిల్లీగ్రాములు. అంటే కిలో 350 గ్రాములు. వానల్లో తెరిచి పెట్టిన పాత బస్తా అయితే సగం బలం ఎప్పుడో గాలికి పోయి ఉంటుంది, మూత పెట్టిన కొత్త డబ్బాయే కొనాలి. పొడిని ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైన తేట నీరే పూల్‌లో పోయాలి. అడుగున మిగిలేది సున్నం. ఈ పని సాయంత్రం సూర్యుడు దిగాక చేయాలి. పగలు పోస్తే ఎండకే సగం ఎగిరిపోతుంది. పొడిలో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే పొడి వేయాలి. పీహెచ్ దించడానికి వాడే ఆసిడ్ సీసా, బ్లీచింగ్ డబ్బా ఒకే అలమారులో పెట్టకూడదు. రెండూ కలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులు కాలుస్తుంది. ఈ ఒక్క ముక్క పూల్ ఉన్న ప్రతి ఇంట్లో గోడ మీద హల్బీలోనూ, గోండీలోనూ, బొమ్మతో సహా రాసి ఉండాలి. ఆ అలమారు తెరిచేది ఇంటివాళ్లు కాదు, పనివాళ్లు.

ఇక ఆ తర్వాత నాలుగు నెలలూ పంపు ఆగకూడదు. వేసవిలో రోజుకి ఎనిమిది గంటలు తిప్పేది, చలికాలంలో రెండు మూడు గంటలు చాలు. కరెంటు ఖర్చుకి వెనకాడి చాలామంది పూర్తిగా ఆపేసేది ఇక్కడే. క్లోరిన్ ఉంది కదా, దోమ రాదులే అనుకుంటారు. మనం ఈదే నీళ్లలో ఉండే మోతాదుకి దోమపిల్ల చావాలని లేదు. దాన్ని బతకనివ్వనిది నీటి కదలిక. పైపొర కదులుతూ ఉంటే అది గాలి పీల్చలేదు, పైనీటిని లోపలికి లాగే స్కిమ్మర్ నోట్లోకి కొట్టుకుపోతుంది. నీటి మట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా నిండుగా ఉంటేనే అది లాగుతుంది. ఖాళీ చేయకండి అనడానికి ఇది రెండో కారణం.

దోమపిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలమని కొందరు సలహా ఇస్తారు. మన తెలుగు మునిసిపాలిటీలు చెరువుల్లో వదలడం చూసి అంటారు. క్లోరిన్ నీళ్లలో అవి రెండు రోజులు బతకవు. క్లోరిన్ మానేసిన పూల్‌లో బతికితే, వానకి పొంగి కాలవలో పడి, మన వాగుల్లో చిన్న చేపల పిల్లల్ని తినేస్తాయి. ఇంటి పూల్‌కి అవి వద్దు.

కప్పు గురించి. టార్పాలిన్ కప్పడం మంచిదే, ఆకులు పడవు, ఎండ తగలక పాకుడు పెరగదు. కానీ వదులుగా కప్పిన టార్పాలిన్ రెండు విధాల ప్రమాదం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి విశాఖ తడిస్తే, మర్నాటికి ఇక్కడా నాలుగు చినుకులు పడతాయి. టార్పాలిన్ మధ్యలో జారిన చోట ఆ నీరు మడుగు కడుతుంది. కింద అంత శుభ్రం చేసిన నీరుండగా, పైన గుడ్డ ముడతలో దోమ పెరుగుతుంది. నేను రెండిళ్లలో చూశాను. రెండోది ఇంకా భయం. నీళ్లు కనబడితే చిన్నపిల్ల అంచున ఆగుతుంది. నీలం గుడ్డ పరిచి ఉంటే నేలే అనుకుని పరుగెడుతుంది. అందుకే మధ్యలో తాళ్లు అడ్డంగా బిగించి, వాటి మీద గుడ్డని ఇంటి పైకప్పులా రెండు వైపులా వాలుగా కట్టాలి. అలా కట్టలేకపోతే గుడ్డ వద్దు, గట్టి వల చాలు. వలకి ఒక మూల కప్పకి, పాముకి పైకి రావడానికి వెదురు చాప ఒకటి వాల్చి పెడతాను. అది నా అలవాటు. చచ్చిన కప్ప వారం నానితే వేసిన క్లోరిన్ అంతా దానికే ఖర్చయిపోతుంది.

నీటి ఖర్చు గురించి కూడా ఒక మాట. మీరు ఏప్రిల్‌లో చిత్రకోట్ చూసే ఉంటారు. వానాకాలంలో మూడు వందల మీటర్ల వెడల్పున దూకే ఇంద్రావతి, ఎండాకాలంలో రాళ్ల మీద రెండు మూడు పాయలుగా దిగుతుంది. నవంబరులో 45 వేల లీటర్లు కాలవలోకి వదిలి, మార్చిలో మళ్లీ అన్ని నీళ్లు బోరు నుంచి లాగుతున్నాం. బాగా చూసుకున్న నీరు రెండు మూడేళ్లు పనికొస్తుంది. మరమ్మతుకి తప్పనిసరిగా తీయవలసి వస్తే ఏప్రిల్, మే నెలల్లో, పక్కనే చిన్న గొయ్యి తీసి ఊట ఎంత లోతున ఉందో చూసుకుని తీయాలి. తీసే ముందు నాలుగు రోజులు క్లోరిన్ ఆపి, ఎండకి వదిలి, గొట్టంలో పసుపు ఏమాత్రం రావడం లేదని చూశాక చెట్లకి పారించుకోవచ్చు. కాలవలో వదిలితే ఆ ఘాటు ఇంద్రావతిలోకి, అక్కడి నుంచి గోదావరిలోకే కదా వెళ్లేది. కింద మా వాళ్లూ అవే నీళ్లు తాగుతారు.

కలెక్టర్ గారూ, మీ నుంచి కోరేది పెద్ద ఖర్చు కాదు. జిల్లాలో ఇంటి పూల్‌లు, బసల్లో పూల్‌లు ఎన్నున్నాయో ఒక పట్టీ రాయించండి. ఎన్నో ఉండవు, రెండు రోజుల పని. దీపావళిలోగా వాటి యజమానులకి మీ సంతకంతో ఒక కాగితం పంపించండి. అందులో మూడు వాక్యాలు చాలు. వానల తర్వాత ఖాళీ చేయకండి. పంపు ఆపకండి. ఊరెళ్తే తాళంచెవి, ఆ పని తెలిసిన మనిషి ఫోను నంబరు పక్కింట్లో ఇచ్చి వెళ్లండి. ఆరోగ్యం పని చూసే మితానిన్ అక్కలు ఇంటింటికీ తిరిగేటప్పుడు కుండీలు, కూలర్లు చూస్తారు. పెద్ద గేటు, కుక్క ఉన్న ఇంటి ముందు మాత్రం ఆగిపోతారు, ఎవరూ లోపలికి రమ్మనరు. ఆ గేటు వాళ్లకి తెరవాలని మీ కాగితంలో నాలుగో వాక్యంగా రాయించండి. యజమానులు లేక, పంపు లేక వదిలేసిన పూల్ కనబడితే, మలేరియా విభాగం వాళ్లు వారానికోసారి లార్వా మందు చల్లే ఏర్పాటు చేయించండి.

వాచ్‌మన్లకి, తోటమాలులకి ఒక పూట పని నేర్పించే ఏర్పాటు చేస్తే నేర్పడానికి నేనొస్తాను, డబ్బు అక్కర్లేదు. హల్బీ మాట్లాడగలను. గోండీకి మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, వాడు చెబుతాడు. వాళ్లకి రసాయనాల పేర్లు బట్టీ పట్టించక్కర్లేదు. తెల్ల ప్లేటు ఒకటి చేతికిచ్చి, వారానికి ఒక రోజు నాలుగు మూలలా నీళ్లు పట్టి చూడమంటే చాలు. దోమపిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి వారం కంటే ఎక్కువే పడుతుంది కాబట్టి వారానికోసారి చూసే కన్ను దాన్ని తప్పిపోనివ్వదు. తమ పిల్లలు పడుకునే గది పక్క నీళ్లని వాళ్ల కంటే జాగ్రత్తగా చూసేదెవరు?

నేను పగలగొట్టిన ఆ పూల్‌ని మరుసటి మే నెలలో ఊట వాల్వు పెట్టి మళ్లీ కట్టారు. ఇంటాయన పెద్ద మనసుతో పని నాకే ఇచ్చారు. అప్పటి నుంచి అది ఏ చలికాలమూ ఖాళీ కాలేదు. వాచ్‌మన్ కూతురు ఇప్పుడు ఆరో తరగతి. ప్రతి బుధవారం బడికి వెళ్లే ముందు ప్లేటు పట్టుకుని నాలుగు మూలలా తిరిగి చూసేది ఆ పిల్లే. చూసిందాన్ని నెలల వారీగా ఒక నోటుబుక్కులో రాస్తుంది. ఏమీ లేని రోజున సున్నా చుడుతుంది.

దీపావళి వెళ్లిన బుధవారం పొద్దున్న ఏడింటికి ఆ ఇంట్లో వల కడుతున్నాను. మీకు వీలైతే రండి, లేదా మలేరియా విభాగం నుంచి ఒకరిని పంపండి. ప్లేటు, పరీక్ష పెట్టె, ఆ నోటుబుక్కు అక్కడే ఉంటాయి. గేటు తెరిచి ఉంచమని చెప్పాను.

ఇట్లు,
నమస్కారాలతో,
ఒక పాత పంపు ఆపరేటర్,
జగదల్‌పూర్.